మొక్కుకోడి కాళ్ళు

పర్వతాలు సంగతి చెప్పాలంటే ముందు అతని కుడిచెయ్యి సంగతి చెప్పాలి. మౌలాలి గుట్ట కింద, రైల్వే క్వార్టర్ల వెనకనున్న బస్తీలో జనం మనిషిని తర్వాత చూసేవాళ్ళు, ఆ చేతిని ముందు చూసేవాళ్ళు. గూడ్సు షెడ్డులో హమాలీ అతను. క్వింటాలు బస్తాను ఇనుప కొక్కెంతో గుచ్చి, ఒక్క ఊపులో వీపు మీదికి తెచ్చుకునేవాడు. ముప్పై ఏళ్ళు నిండకముందే పన్నెండుమంది జట్టును నడిపే ముకద్దం అయ్యాడు. ఆ పెద్దరికం అతనికి నోటి మంచితనం వల్ల రాలేదు. వేరే జట్టువాడొకడు తమ వ్యాగను మీద చెయ్యి వేశాడని ఒక్క గుద్దు గుద్దితే వాడి దవడ విరిగి, మూడు పళ్ళు గచ్చు మీద రాలాయి. పర్వతాలు ఆ పళ్ళు ఏరి జేబులో వేసుకొచ్చి, కల్లు కాంపౌండులో బల్ల మీద పరిచి చూపించాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు మరి.

అలాంటి చెయ్యి ఇంటికొచ్చాక బుద్ధిగా కూర్చుంటుందా? పెళ్ళైన రెండోవారం నుంచే భార్య లచ్చమ్మ మీద లేచింది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకనాడు, తక్కువైందని ఒకనాడు, సరిగ్గా ఉన్ననాడు ఇన్నాళ్ళూ ఎందుకు సరిగ్గా లేదని. ఇరుగుపొరుగువాళ్ళు మొదట్లో అడ్డం వచ్చారు. అడ్డం వచ్చినవాళ్ళకూ నాలుగు తగిలేసరికి తలుపులు వేసుకోవడం నేర్చుకున్నారు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో లచ్చమ్మ కోళ్ళగూడు తలుపు వెయ్యడం మరిచిపోయింది. పిల్లి దూరి రెండు పెట్టలను చీల్చింది. పర్వతాలు గూటిలోంచి కోళ్ళు వాలే లావుపాటి కర్రను లాగి, లచ్చమ్మ ఎడమకాలి చీలమండ మీద దించాడు. ఆ చప్పుడు మూడిళ్ళ అవతలికి వినిపించింది. వినిపించినవాళ్ళెవరూ బయటికి రాలేదు.

వచ్చింది మేబెల్ ఒక్కతే. రైల్వే దవాఖానలో కట్లు కట్టే నర్సు ఆమె. ఆదివారం చర్చికీ, మిగతా ఆరు రోజులూ దవాఖానకూ తెల్లచీరలోనే వెళ్ళే మనిషి. బస్తీకంతా సిస్టరమ్మ.

"ఎలా తగిలింది లచ్చమ్మా?" అని అడిగింది, తెలిసే.

"మెట్ల మీదికెల్లి పడ్డ సిస్టరమ్మా."

"మీ ఇంటికి మెట్లెక్కడివి?"

లచ్చమ్మ గోడవైపు తిరిగింది. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఆనాటి నుంచి ఆమె కుంటుతూ నడిచేది. ఆ కాలు విరగ్గొట్టిన కర్రను పర్వతాలు మళ్ళీ గూటిలోనే పెట్టాడు. కోళ్ళు దాని మీదే వాలేవి.

పళ్ళు పోయినవాడు మాత్రం మరిచిపోలేదు. ఎనభై నాలుగులో ఓ మిట్టమధ్యాహ్నం, పర్వతాలు వ్యాగను పక్కన నిలబడి బీడీ ముట్టించుకుంటుంటే వెనకనుంచి వచ్చి, బస్తాలు గుచ్చే కొక్కాన్ని అతని కుడి మణికట్టులోకి దించి, బస్తాను లాగినట్టే లాగాడు. కొక్కానికి వేలాడుతున్న పర్వతాలును పదడుగులు ఈడ్చుకుపోయాడు. నాలుగో రోజుకు చెయ్యి చీము పట్టి మోచేతిదాకా ఉబ్బింది. వారంపాటు దవాఖానలో ఒంటి మీద తెలివి లేకుండా పడివున్నాడు. ఆ వారంలోనే లచ్చమ్మ బస్తీలోని మైసమ్మ గుడికి కుంటుకుంటూ పోయి, ఒక కోడిని మొక్కుకుంది.

తెలివి వచ్చాక పర్వతాలుకు ఆ సంగతి తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నా పానం కోసం మొక్కినవానే?"

"మొక్కు తీరేదాక పైకి చెప్పద్దు. చెప్తె పలించదు," అంది లచ్చమ్మ.

ఇంకేం చెప్పాలి? భర్త చావుబతుకుల్లో ఉంటే పెళ్ళాం ఇంకేం మొక్కుతుంది? పర్వతాలు మంచం దిగకముందే చూడవచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేను ఎంత కొట్టినా నా పెళ్ళాం నా పానమే అడిగింది చూడండ్రి అని. సిగ్గుపడాల్సిన మాటను గొప్పగా చెప్పుకోవడం కొందరికి పుట్టుకతో వస్తుంది.

పుండు మానింది. చెయ్యి మాత్రం రాలేదు. అయిదు వేళ్ళూ చాపుకొని అలాగే బిగుసుకుపోయాయి. వేడినీళ్ళలో పెట్టి రోజూ గుడ్డ పిండుతుంటే వేళ్ళు కదులుతాయని మేబెల్ చెప్పింది. "గుడ్డలు పిండుడు ఆడోళ్ళ పని సిస్టరమ్మా," అన్నాడు పర్వతాలు. దాంతో పని పోయింది, ముకద్దంగిరీ పోయింది. ఇంటి అరుగు మిగిలింది. కోపం వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి అలవాటుకొద్దీ పైకి లేచేది, విస్తరాకులా ఊగేది, కిందికి దిగేది. ఎడమచేత్తో కొట్టొచ్చు కదా అంటే, ఎడమచేత్తో కొట్టడం మగతనం కాదని అతని నమ్మకం. రెండేళ్ళపాటు ఆ ఇంట్లో దెబ్బ చప్పుడు వినబడలేదు. దయవల్ల కాదు, పరువువల్ల.

లచ్చమ్మ ఒక ఎర్ర కోడిపిల్లను ఏరి, జుట్టు కొస కత్తిరించి, పసుపు పెట్టి మైసమ్మ పేర వదిలింది. అలా వదిలిన కోడిని అమ్మకూడదు, కోసుకు తినకూడదు, దాని బదులు ఇంకోదాన్ని ఇవ్వకూడదు. మొదటి ఏడాది బోనాలకు ఇద్దామంటే లచ్చమ్మ వద్దంది.

"మొక్కు తీరిందో లేదో ఇంకో ఏడు జూస్త," అంది.

"ఇంకేం జూస్తవే? నేను బతికే ఉన్న గద!" అని నవ్వాడు పర్వతాలు.

ఎనభై ఆరు రోహిణి కార్తెలో కోడికి కాళ్ళగజ్జి పట్టింది. కాళ్ళమీది పొలుసులు పైకి లేచి, వాటి కింద సున్నం మెత్తినట్టు తెల్లగా పెళ్ళలు కట్టాయి. కాళ్ళు రెండింతలు లావయ్యాయి. నాలుగడుగులు వేసి కూలబడేది. బోనాలకు ఇంకా యాభై రోజులు. మైసమ్మ గుడి చూసుకునే ధర్మరాజు గూటిలోకి తొంగిచూసి పెదవి విరిచాడు.

"కుంటికోడిని అమ్మ ముట్టదు పర్వతాలూ. అమ్మ పేర ఇడిసిన కోడి పాడైతె, ఇచ్చింది సుత అమ్మ ఎనుకకు తీస్కుంటది. జెర జూస్కో."

ఇచ్చింది వెనక్కి తీసుకుంటుంది. ఇచ్చింది ఏమిటి? తన ప్రాణం. పర్వతాలు జీవితంలో మొదటిసారి భయపడ్డాడు. కత్తులకూ కొక్కాలకూ బెదరని మనిషి ఒక కోడి కాళ్ళు చూసి చెమటలు పట్టి కూర్చున్నాడు. దాని కాళ్ళు బాగుపడితే తను బతుకుతాడు, లేకపోతే లేదు. అతనికి అంతకన్నా స్పష్టంగా ఏ సంగతీ ఎప్పుడూ తెలియలేదు.

హమాలీలకు తెలిసిన వైద్యం ఒక్కటే. మడమ పగిలినా, కొక్కెం దిగినా, పుండును కత్తితో గీకి గాసునూనె, అంటే కిరసనాయిలు, పోసి కట్టు కడతారు. పర్వతాలు కోడికీ అదే చేశాడు. కోడిని మోకాళ్ళ మధ్య అదిమి, ఎడమచేత్తో చాకు పట్టి పెళ్ళలు గీకాడు. పొలుసులతోపాటు చర్మం లేచివచ్చి రక్తం బొటబొటా కారింది. కోడి మెలితిరిగి, కాలిముల్లుతో అతని చెంపను కంటి కింద నుంచి దవడదాకా చీరింది. అతను దాన్ని నేలకేసి అదిమి, డబ్బాడు గాసునూనెలో తొడలదాకా ముంచి పట్టుకున్నాడు. కోడి అరుపు మనిషి అరుపులా ఉంది. తెల్లారేసరికి కాళ్ళు బొబ్బలెక్కి, తొడమీది ఈకలు గుత్తులుగుత్తులుగా ఊడాయి. ఒక గోరు రాలిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే.

లచ్చమ్మ వచ్చి చూసింది. ఏడవలేదు.

"నీ చెయ్యి ముట్టిందేదన్న బాగుపడ్డదా ఇయ్యాల్టిదాక?" అంది.

పర్వతాలు చెయ్యి లేచింది, గాలిలో ఊగి దిగింది. లచ్చమ్మ అది దిగేదాకా చూసి, కోడిని కొంగులో చుట్టుకొని మేబెల్ ఇంటికి నడిచింది. అతను చెంప రక్తం తుడుచుకుంటూ వెనకాలే వెళ్ళాడు.

మేబెల్ అప్పటికి రిటైరైంది. కొంగు విప్పి కోడి కాళ్ళు చూసింది. గాసునూనె వాసన చూసింది. లేచి పర్వతాలు చెంప ఛెళ్ళుమనిపించింది, సరిగ్గా కోడి చీరిన చెంప మీదే. పర్వతాలును కొట్టిన ఆడమనిషి అంతవరకూ భూమ్మీద లేదు. తెగిన చెంపనుంచి మళ్ళీ రక్తం కారి చొక్కా మీద పడింది.

"ఇంకోసారి కాల్చావంటే ఆ గాసునూనె నీ కాళ్ళ మీద పోస్తాను," అందామె. "బలి సంగతి మీ అమ్మవారికీ మీకూ, ప్రభువును నమ్ముకున్నదాన్ని నేను, దాని జోలికి రాను. పుండు మాత్రం నా పని. అవి పెళ్ళలు కావయ్యా, పొలుసుల కింద కంటికి కనబడని పురుగులు దూరి సొరంగాలు తవ్వుతాయి. పీకకూడదు. నానబెట్టాలి, మెత్తగా కడగాలి, ఊపిరాడకుండా పైన నూనె పట్టించాలి."

"లచ్చి జేస్తది లే సిస్టరమ్మా."

"లచ్చమ్మ ఎందుకు చేస్తుంది? కాల్చింది నువ్వు. కడిగేది నువ్వే. రెండు చేతులూ పెట్టి కడుగు. కుడిచెయ్యి ఒళ్ళో దాచుకున్నావంటే కోడిని నా గుమ్మంలోకి తేకు."

అలా మొదలైంది. మొదటి పదిరోజులు కాలిన పుండ్లు మానడానికే సరిపోయాయి. కాచి చల్లార్చిన నీళ్ళు, మెత్తటి గుడ్డ, కొబ్బరినూనె. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్ళ బేసిన్లో కోడికాళ్ళు పావుగంట నానబెట్టడం, పాత పళ్ళబ్రష్షుతో పొలుసు వాలుగానే రుద్దడం, తుడిచి ఆరబెట్టి వేళ్ళ సందుల నుంచి మోకాలిదాకా వేపనూనె కలిపిన వాసిలీను దట్టంగా పూయడం. ఊడిపోయేది ఊడిపోతుంది, ఊడనిదాన్ని గిల్లకూడదు. కోడి ఇవేమీ మెచ్చుకోలేదు. రోజూ అతని ముంజేతుల్ని పొడిచి రక్తం కళ్ళజూసింది. మొదటివారంలో పర్వతాలు దాని మెడ విరిచేద్దామని మూడుసార్లు అనుకున్నాడు. మూడుసార్లూ దానితోపాటు తనూ పోతానని గుర్తొచ్చి పళ్ళు కొరుక్కున్నాడు.

ఓ పొద్దున మేబెల్ గూడు చూడడానికి వచ్చింది. లోపల వంగి చూసి, కోళ్ళు వాలే కర్రను గోటితో గీకింది. బూడిదలాంటిది రాలింది.

"ఇదీ పురుగుల పుట్టే. కోడిని బాగుచేసి దీని మీదే కూర్చోబెడితే ఏం లాభం? తగలబెట్టండి. గూడంతా సున్నం కొట్టండి. మిగతా కోళ్ళ కాళ్ళకూ నూనె రాయండి."

కర్రను తగలబెట్టమన్న మాట చెవిన పడగానే పొయ్యి దగ్గరున్న లచ్చమ్మ లేచి వచ్చింది. కర్రను తనే లాగింది. ఎండలో, వాకిలి మధ్యలో పడేసి, మిగిలిన గాసునూనె పోసి అంటించింది. నాటుకర్ర, తొందరగా కాలలేదు. ఆమె కుంటికాలు మీద బరువు వెయ్యకుండా నిలబడి, అది పూర్తిగా బొగ్గయ్యేదాకా కదల్లేదు. పర్వతాలు బేసిన్ ముందు కూర్చొని ఆ కాలినీ, ఆ మంటనూ చూశాడు. చూసి, కోడికాళ్ళ వైపు తల తిప్పుకున్నాడు.

నెల గడిచింది. తెల్లపెళ్ళలు తడిసి రాలి, కింద పసుపుపచ్చని చర్మం బయటపడింది. లావు తగ్గింది. కోడి నిలబడింది, నడిచింది, ఒక పొద్దున గూటి మీదికెగిరి కూసింది. పర్వతాలు ఆ కూత విని పసిపిల్లవాడిలా చప్పట్లు కొట్టబోయాడు. చప్పుడు రాలేదు గానీ, కుడిచేతి వేళ్ళ కొసల్లో ఏదో జివ్వుమన్నట్టనిపించింది. రోజూ వేడినీళ్ళలో నానుతూ, జారిపోయే కోడికాళ్ళను పట్టుకోవాలని తంటాలు పడుతున్న వేళ్ళవి. అతను పట్టించుకోలేదు.

బోనాలకు పన్నెండు రోజులుందనగా, ఎండ నడినెత్తిన ఉన్నవేళ, లచ్చమ్మ బియ్యానికి రేషనుషాపుకు పోయింది. కోడిని కాలికి మెత్తటి దారం కట్టి వాకిట్లో వదిలాడు పర్వతాలు. గుట్టవైపు నుంచి ఒక గజ్జికుక్క దూకి వచ్చి కోడి రెక్కను నోట కరిచింది. పర్వతాలు దాని మీద పడ్డాడు. అది కోడిని వదిలి అతని ఎడమ భుజం పట్టింది. పళ్ళు ఎముకదాకా దిగాయి. ఎడమచెయ్యి ఆ పట్టులో కదలకుండా పోయింది. ఇక మిగిలింది కుడిచెయ్యి. అతను దాన్ని కుక్క మెడ మీద వేశాడు. అది మూసుకుంది.

రెండేళ్ళ తర్వాత మూసుకుంది! పర్వతాలుకు నొప్పి తెలియలేదు, కుక్క గుర్రుమంటున్నదీ వినబడలేదు. అయిదు వేళ్ళూ బొచ్చులోకి, బొచ్చు కింద గొంతులోకి దిగడమే తెలుస్తోంది. కుక్క భుజం వదిలేసింది. అతను వదల్లేదు. కుక్క కాళ్ళు మట్టిని తవ్వి, తవ్వి, ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా అతను పిసుకుతూనే ఉన్నాడు. లోపల ఏదో పటుక్కుమంది. ఆ పటుక్కుమన్న చప్పుడుకు అతని ఒళ్ళంతా పాత సంతోషం పొంగింది. గూడ్సు షెడ్డు కళ్ళముందు కనబడింది. కొక్కెం గుచ్చినవాడు కనబడ్డాడు. వస్తున్న, ఒక్కొక్కణ్ణి చూస్త అనుకున్నాడు.

లచ్చమ్మ వచ్చేసరికి వాకిట్లో కుక్క పడివుంది. ఆమె బియ్యం సంచి దించి, కాలిబొటనవేలితో కుక్క తలను అటూ ఇటూ కదిపింది. తెగిన పూలదండలా తల వేలాడింది.

"దేంతోని సంపినవ్?"

"కట్టెతోని."

"గట్లనా," అంది లచ్చమ్మ. వాకిట్లో కట్టె ఎక్కడా లేదు. ఆమె లోపలికి పోయి బియ్యం డబ్బాలో పోసింది.

కుక్కకాటుకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నారు. భుజానికి కట్టు కట్టేటప్పుడు మేబెల్ అతని కుడిచెయ్యి చూసింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

"వేళ్ళు వంగుతున్నాయే!"

"లచ్చికి చెప్పకు సిస్టరమ్మా. బోనాలనాడు గీ చేతితోనే కత్తి పట్టి కోడిని కోస్త. పానం ఇచ్చిన తల్లి చెయ్యి సుత ఇచ్చిందని అందరికి జూపిస్త."

మేబెల్ ముఖంలో సంతోషం లేదు. తను బాగుచేసింది కోడికాళ్ళను మాత్రమే కాదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రి ప్రార్థనలో ఏం అడగాలో కూడా ఆమెకు తోచలేదు.

ఆషాఢం ఆదివారం వచ్చింది. డప్పులు గుట్ట రాళ్ళకు తగిలి మోగుతున్నాయి. లచ్చమ్మ పసుపు రాసిన బోనం నెత్తిన పెట్టుకొని కుంటుతూ ముందు నడిచింది. పర్వతాలు ఎడమ చంకలో కోడిని పెట్టుకొని వెనక నడిచాడు. కుడి భుజం మీద తువ్వాలు కప్పుకున్నాడు. తువ్వాలు కింద, కుడిచేతి పిడికిట్లో, కొత్తగా సానబెట్టిన కత్తి ఉంది. ధర్మరాజు కోడికాళ్ళు పట్టి చూశాడు. పసుపుపచ్చగా, నున్నగా, గట్టిగా ఉన్నాయి. గోరు పోయిన వేలొక్కటే కురచ.

"అమ్మ మెచ్చుతది," అన్నాడు. "మొక్కు మనసుల జెప్పుకో లచ్చమ్మా."

ఆడవాళ్ళంతా మొక్కు మనసులోనే చెప్పుకుంటారు. పెదవులు కదులుతాయి, మాట వినబడదు. లచ్చమ్మ బోనం దించి, నిటారుగా నిలబడి, డప్పుల చప్పుడు మీంచి వినిపించేంత గట్టిగా మొదలుపెట్టింది.

"అమ్మా, మైసమ్మ తల్లీ! రెండేండ్ల కింద నా పెనిమిటి దవాఖానల పండుకున్నప్పుడు నీకు మొక్కిన. గీయిన బతకాలని మొక్కలే. సావాలని సుత మొక్కలే. ఏ చెయ్యితోని నా కాలు ఇరగ్గొట్టిండో గా చెయ్యి మళ్ళ నా మీదికి లేవద్దని మొక్కిన. నువ్వు ఇన్నవ్. గా చెయ్యి పడిపోయింది. రెండేండ్లు నేను దెబ్బ తినకుంట అన్నం తిన్న. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నవ్, నా కోడి నువ్వు తీస్కో. గా చెయ్యి మళ్ళ లేసిందా, అప్పుడు కోడితోని పోదు తల్లీ. గీ నల్గురు సాచ్చం."

డప్పు కొట్టేవాళ్ళలో దగ్గరున్నవాడు ఆగిపోయాడు. జనమంతా పర్వతాలు కుడి భుజం వైపు చూశారు. పదేళ్ళపాటు తలుపులు వేసుకున్నవాళ్ళే, ఇవాళ కళ్ళు విప్పుకొని చూశారు.

పర్వతాలుకు ముందు కోపం వచ్చింది. తువ్వాలు కింద పిడికిలి కత్తి మీద బిగిసింది. తను ప్రాణమనుకున్నది తన ప్రాణం కాదు. యాభై రోజులు ముంజేతులు పొడిపించుకొని, కుక్క చేత కరిపించుకొని తను బతికించింది తన చేతికి పెట్టిన పిండం. లచ్చమ్మ అతని కళ్ళలోకి చూస్తోంది. పారిపోవడానికి సిద్ధపడ్డ మనిషిలా మంచికాలు ఒకడుగు వెనక్కి పెట్టి, కుంటికాలు మీద వణుకుతూ నిలబడింది. ఆ వణుకుతున్న చీలమండను అతను చూశాడు. ఏడేళ్ళలో ఒక్కనాడైనా దానికి చారెడు నూనె రాయాలని తనకు తోచలేదు. కోడికాళ్ళకు ఎంత రాశాడో లెక్కలేదు. ఆ తలపు గుండెలో కొక్కెంలా దిగింది. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

ధర్మరాజు కోడి మీద వేపమండతో నీళ్ళు చల్లాడు. ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. కోడి రెండు కాళ్ళ మీదా గట్టిగా నిలబడి, జుట్టు నుంచి తోకదాకా విదిలించింది.

పర్వతాలు తువ్వాలు కింద వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు. కత్తి నేల మీద పడింది. వంగి దాన్ని ఎడమచేత్తో తీసుకున్నాడు. కుడిచెయ్యి పక్కన విస్తరాకులా వేలాడింది.

"కాళ్ళు పట్టే," అన్నాడు.

లచ్చమ్మ కోడికాళ్ళు పట్టింది. ఎడమచేతికి కోత అలవాటు లేదు. మొదటి వేటు సగమే తెగింది. రెండోది ఎముకకు తగిలి జారింది. రక్తం ఎగజిమ్మి లచ్చమ్మ ముఖం మీదా, అతని కళ్ళల్లోనూ పడింది. మూడో వేటుకు తల తెగింది. తల తెగాక కూడా ఆ కాళ్ళు లచ్చమ్మ చేతుల్లో చాలాసేపు తన్నుకున్నాయి. అంత బలం వాటికి పోసింది అతనే.

మర్నాడు పొద్దున పర్వతాలు మేబెల్ గుమ్మంలో నిలబడి ఒక్కమాట అడిగాడు. "చెయ్యి సంగతి ఎవ్వరికి చెప్పకు సిస్టరమ్మా." ఆమె తల ఊపింది.

ఆ తర్వాత పర్వతాలు పదకొండేళ్ళు బతికాడు. పదకొండేళ్ళూ కుడిచెయ్యి చచ్చినట్టే ఉంచాడు. ఎడమచేత్తో అన్నం తిన్నాడు. పెళ్ళిపంక్తుల్లో పక్కవాళ్ళు మొహం తిప్పుకుంటే తల వంచుకున్నాడు. గూడ్సు షెడ్డు పాత శత్రువు కల్లు కాంపౌండులో అందరిముందూ చెంప మీద కొడితే, కొట్టించుకొని ఇంటికొచ్చాడు. అది మంచితనమా, మైసమ్మ భయమా, లచ్చమ్మ భయమా అంటే మూడింటిలో ఏదో ఒకటనడం కష్టం. బస్తీలో ఎవరి కోడికి కాళ్ళగజ్జి పట్టినా అతని దగ్గరికే తెచ్చేవాళ్ళు. గూడు వెనక్కి తీసుకుపోయి, ఎవరూ చూడకుండా కడిగి నూనె రాసి పంపేవాడు.

తొంభై ఏడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు. శవానికి స్నానం చేయించేవేళ ముసలి మేబెల్ వచ్చి లచ్చమ్మ పక్కన కూర్చుంది. ఇక దాచి ఏం లాభమనుకుంది.

"లచ్చమ్మా, ఒక్కమాట. ఆయన చెయ్యి పదకొండేళ్ళ కిందే బాగయింది. నీ మొక్కు విన్నాక, నీ కోసమే దాచుకున్నాడు. నీకు తెలియాలని చెప్తున్నా."

లచ్చమ్మ ఆ కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకొని, వేళ్ళ సందులు తడిగుడ్డతో తుడిచింది. అది ఆమె ఇష్టంగానే తుడిచింది. తుడిచి మళ్ళీ చాప మీద పెట్టింది.

"నాకెర్క సిస్టరమ్మా. కుక్క మెడ జూసిననాడే ఎర్కైంది, అది ఎడమచెయ్యి పని గాదని. అందుకనే మొక్కు నల్గురిట్ల గట్టిగ జెప్పిన. అయినా పదకొండేండ్లు కత్తిపీట నా పక్కలనే పెట్టుకొని పండుకున్న."